టీకాల కవరేజ్ లెక్కలతో మీ ఏరియాలో పనికొచ్చే నిర్ణయాలు తీసుకోవడం ఎలా

నెలాఖరు రాగానే టాలీ షీట్లన్నీ (ఏ రోజు ఎంతమందికి టీకా వేశామో గీతలు పెట్టుకునే కాగితాలు) ముందేసుకుని కూడికలు చేసి, రిపోర్ట్ రెడీ చేసి పైకి పంపించేస్తాం, అక్కడితో ఆ నెల పని అయిపోయింది అనుకుంటాం. పై ఆఫీసులో ఆ అంకె ఇంకో పెద్ద అంకెలో కలిసిపోతుంది. కానీ ఆ కాగితం అందరికంటే ఎక్కువ పనికిరావాల్సింది దాన్ని తయారుచేసిన ఆరోగ్య కేంద్రానికే, ఎందుకంటే ఏ వీధిలో పిల్లలు మిగిలిపోయారో, ఎవరు మొదటి డోసు వేయించుకుని మూడోదానికి రాలేదో చెప్పేది అదే, ఆ వీధికి నడిచి వెళ్ళగలిగేది కూడా మీరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వాళ్ళు 2002లో ప్రతి జిల్లాకీ టీకాలు చేరాలని ఒక పద్ధతి పెట్టారు, అందులో ఉన్న ఐదు ముఖ్యమైన పనుల్లో డేటా చూసి దాన్నిబట్టి పని మార్చుకోవడం ఒకటి. ఇది స్థానికంగా చెయ్యాల్సిన పని అని వాళ్ళు అప్పుడే చెప్పారు, ఇప్పటికీ చాలా చోట్ల జరగనిది అదే.

ఇది ఒక చిన్న ఆరోగ్య కేంద్రం చూసుకునేవాళ్ళకి, సూపర్వైజర్లకి, డేటా రాసేవాళ్ళకి చెప్తున్నాను. కంప్యూటర్ ఉంటే మంచిదే, లేకపోయినా ఒక పెద్ద కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్నులు, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ముందు హారం సంగతి తేల్చండి

కవరేజ్ అంటే టీకా వేయించుకున్న పిల్లల సంఖ్యని వేయించుకోవాల్సిన పిల్లల సంఖ్యతో భాగించి 100తో గుణించడం, అంతే. పైన ఉన్న అంకె మీద అందరం దృష్టి పెడతాం, కింద ఉన్న అంకె, అదే హారం, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు, అసలు తప్పులు ఎక్కువగా ఉండేది అక్కడే.

పుట్టగానే వేసే టీకాలకి (క్షయ రాకుండా వేసే బీసీజీ లాంటివి) హారం ఆ ఏడాది ప్రాణాలతో పుట్టిన పిల్లలు. పెంటా (ఐదు జబ్బులకి కలిపి మూడు డోసులుగా వేసే టీకా), పోలియో, తట్టు టీకాలకి మాత్రం పుట్టినవాళ్ళలోంచి ఏడాదిలోపు చనిపోయినవాళ్ళని తీసేసి మిగిలినవాళ్ళని లెక్కేస్తారు. ఉదాహరణకి మీ ఏరియా జనాభా 30,000 అనుకుందాం, వెయ్యికి 20 జననాలు అంటే ఏడాదికి 600 మంది, శిశు మరణాలు వెయ్యికి 30 అనుకుంటే 18 మంది పోతారు, మిగిలేది 582. నెలకి సుమారు 48 లేదా 49 మంది పిల్లలు మీ దగ్గరికి మొదటి పెంటాకి రావాలి. ఈ నెలకి ఎంతమంది అనే అంకె గోడమీద రాసి పెట్టుకోండి, రోజూ కనపడాలి.

ఇక్కడ సమస్య ఏంటంటే ఆ జనాభా అంకె పదేళ్ళ కింద జనగణనది అయ్యుండొచ్చు, ఈలోపు కొత్త కాలనీలు వచ్చుంటాయి, లేదా ఊళ్ళు ఖాళీ అయ్యుంటాయి. అందుకని కనీసం మూడు వైపుల నుంచి సరిచూసుకోండి: జనన నమోదు ఎంతుంది, పోయిన రెండు మూడేళ్ళలో మొదటి పెంటా ఎంతమందికి వేశారు, ఇంటింటి సర్వేలో ఏడాదిలోపు పిల్లలు ఎంతమంది తేలారు. ఈ మూడూ దగ్గరదగ్గరగా ఉంటే మీ హారం బాగానే ఉన్నట్టు. పోయినేడు మొదటి పెంటా 700 మందికి వేసి ఉంటే మీ టార్గెట్ 582 అని రాసుకోవడంలో అర్థం లేదు కదా.

కవరేజ్ 100 దాటితే చాలామంది 100 అని రాసేసి ఊరుకుంటారు, దయచేసి అలా చెయ్యకండి. 112 వస్తే 112 అనే రాయండి, ఎందుకంటే అది ఒక కబురు: హారం తక్కువైనా అయ్యుండాలి, పక్క ఏరియా పిల్లలు మీ దగ్గరికి వస్తున్నా ఉండాలి, లేదా ఒకే పిల్లాణ్ణి రెండుసార్లు లెక్కేస్తున్నా ఉండాలి. పక్క ఏరియా వాళ్ళు వస్తున్నారంటే వాళ్ళకి టీకా మందు కూడా మీరే తెప్పించుకోవాలి మరి, ఆ అంకెని 100కి కోసేస్తే మీ దగ్గర స్టాక్ ఎందుకు అయిపోతోందో మీకే అర్థం కాదు.

ఏడాది మధ్యలో హారం మార్చకండి, మార్చాల్సి వస్తే తేదీ వేసి ఎందుకు మార్చారో రాసిపెట్టండి, లేకపోతే మార్చిన నెలలో కవరేజ్ పెరిగిందో పడిపోయిందో ఎవరూ చెప్పలేరు.

2. పై అంకెని ఒకసారి చేత్తో లెక్కపెట్టండి

మూడు నెలలకోసారి ఒక టీకా, ఒక నెల తీసుకుని రిజిస్టర్లో పిల్లల్ని వేలు పెట్టి లెక్కపెట్టండి. రిపోర్ట్లో మూడో పెంటా 105 అని ఉంది, రిజిస్టర్లో చూస్తే 84 మందే ఉన్నారు అనుకోండి, 84ని 105తో భాగిస్తే 80 శాతం, అంటే పంపిన ప్రతి 100లో 20కి ఆధారం లేదు. ఒక్కోసారి 100కి పైన కూడా వస్తుంది, అంటే వేసిన టీకాలు రిపోర్ట్లోకి ఎక్కలేదని అర్థం, అది కూడా నష్టమే, పనిచేసినవాళ్ళ పని కనపడకుండా పోయింది.

తేడా కనపడగానే ఎవరినీ తిట్టకండి. నేను చూసినంతవరకు చాలా తేడాలు మోసం వల్ల రావు, ఎక్కువ పని, తక్కువ టైమ్, సరిగ్గా లేని ఫారాల వల్ల వస్తాయి. తెరిచిన సీసాల్లో డోసులు లెక్కేసి పిల్లల సంఖ్యగా రాసెయ్యడం, ఏడాది దాటిన పిల్లల్ని ఏడాదిలోపు కాలమ్లో రాయడం, స్పెషల్ క్యాంపెయిన్లో వేసిన డోసుల్ని మామూలు టీకాల్లో కలిపెయ్యడం, టీకాలు వేసే సెషన్ జరగని రోజుని ఖాళీగా వదిలెయ్యడం. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఖాళీకీ సున్నాకీ చాలా తేడా ఉంది. సున్నా అంటే వెళ్ళాం, పిల్లలు రాలేదు. ఖాళీ అంటే వెళ్ళామో లేదో తెలీదు. రెండింటికీ మీరు చెయ్యాల్సిన పని వేరు కాబట్టి రాసేటప్పుడే వేరుగా రాయించండి.

కొన్ని తప్పులు కూర్చున్న చోటే పట్టుకోవచ్చు. ఒకే రోజు ఒకే పిల్లకి వేసే మొదటి పెంటా, మొదటి పోలియో డోసు సంఖ్యలు దగ్గరగా ఉండాలి, బాగా తేడా ఉంటే ఏదో ఒకటి స్టాక్ అయిపోయుండాలి లేదా రాతలో తప్పు ఉండాలి. ఏడాది మొత్తం మీద మూడో పెంటా మొదటి పెంటా కన్నా ఎక్కువ వస్తే అది దాదాపు ఎప్పుడూ రాతలో తప్పే. వాడిన డోసుల కన్నా టీకా వేసిన పిల్లలు ఎక్కువ ఉన్నారంటే ఆ నెల రిపోర్ట్ పక్కన పెట్టి మొదటినుంచి చూడాల్సిందే.

3. మొత్తం కలిపిన శాతాన్ని విడదీయండి

ఇక్కడే మొదలవుతుంది అసలు పని. మొత్తం ఏరియాకి ఒకే శాతం అనేది మీకు దేనికీ పనికిరాదు, దాన్ని ఊరూరికీ, వార్డు వార్డుకీ విడదీసి ఒక పట్టిక వెయ్యండి. ప్రతి లైన్లో ఊరి పేరు, టార్గెట్, మొదటి పెంటా, మూడో పెంటా, తట్టు మొదటి డోసు, రెండో డోసు. పక్కన మూడు లెక్కలు: కవరేజ్ శాతం, మిగిలిపోయిన పిల్లల సంఖ్య, డ్రాపవుట్.

డ్రాపవుట్ అంటే మొదటి పెంటా వేయించుకున్నవాళ్ళలో మూడోది వేయించుకోనివాళ్ళ శాతం. మొదటిదాంట్లోంచి మూడోదాన్ని తీసేసి, మొదటిదాంతో భాగించి, 100తో గుణించండి. ఈ లెక్కలో జనాభా అంకె అస్సలు లేదు, గమనించారా? మీ హారం ఎంత తప్పుగా ఉన్నా డ్రాపవుట్ దాదాపు సరిగ్గానే వస్తుంది, అందుకే నాకు ఈ లెక్కంటే నమ్మకం ఎక్కువ.

నాలుగు ఏరియాలతో ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు నేను అనుకున్నవే.

ఏ: టార్గెట్ 200, మొదటి పెంటా 190, మూడో పెంటా 182
బీ: టార్గెట్ 400, మొదటి పెంటా 372, మూడో పెంటా 288
సీ: టార్గెట్ 100, మొదటి పెంటా 58, మూడో పెంటా 55
డీ: టార్గెట్ 60, మొదటి పెంటా 36, మూడో పెంటా 24

నాలుగూ కలిపితే 760 మందిలో 549 మందికి మూడో పెంటా పడింది, 72 శాతం. ఈ 72 చూసి మీరు ఏం చేస్తారు? ఇంకా బాగా చెయ్యాలి అని మీటింగ్లో చెప్పడం తప్ప ఏం చెయ్యలేరు. విడదీస్తే ఏ 91 శాతం, బీ 72, సీ 55, డీ 40. ఇప్పుడు కొంచెం నయం, అందరూ వెంటనే డీ వైపు పరిగెడతారు. కానీ మిగిలిపోయిన పిల్లల్ని చూడండి: ఏలో 18, బీలో 112, సీలో 45, డీలో 36. మొత్తం 211 మందిలో సగానికి పైగా బీలోనే ఉన్నారు, 72 శాతం అనే గౌరవంగా కనిపించే అంకె వెనక. శాతం చూసి డీకి ఒక్కదానికే వెళ్ళి ఉంటే ఈ 112 మంది సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

అలాగని చిన్న ఏరియాలని వదిలెయ్యమని కాదు. టీకా లేని పిల్లలంతా ఒకే చోట పక్కపక్కనే ఉంటే తట్టు లాంటిది అక్కడే అంటుకుంటుంది. నా పద్ధతి ఏంటంటే మనుషుల్ని, బండిని, రోజుల్ని పంచేటప్పుడు సంఖ్య చూస్తాను, ప్రమాదం ఎక్కడ ఉందో చూసేటప్పుడు శాతం చూస్తాను, రెండు కాలమ్లూ పక్కపక్కనే పెడతాను.

ఒక జాగ్రత్త. డీలో ఏడాదికి 60 మంది అంటే నెలకి ఐదుగురు, ఒక్క పిల్ల రాకపోతే 20 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. చిన్న ఊళ్ళకి నెలవారీ శాతాలు చూసి కంగారుపడొద్దు, మూడు నెలలు కలిపి చూడండి, లేదా ఏడాది మొదటినుంచి కూడుకుంటూ రండి.

4. పిల్లలు అసలు రావట్లేదా, వచ్చి మధ్యలో ఆగిపోతున్నారా

పట్టికలో రెండు అంకెలు పట్టుకోండి: మొదటి పెంటా 80 శాతం దాటిందా, డ్రాపవుట్ 10 శాతం లోపు ఉందా. టీకాల కార్యక్రమాల్లో చాలాకాలంగా వాడుతున్న గీతలు ఇవి. మొదటిది బాగుంటే జనం మీ సేవ దాకా రాగలుగుతున్నారని, రెండోది బాగుంటే వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తున్నారని అర్థం.

మన ఉదాహరణలో ఏకి డ్రాపవుట్ 4 శాతం, రెండూ బాగున్నాయి, అక్కడ ఉన్నదాన్ని చెడగొట్టకుండా నడిపించండి చాలు. బీలో మొదటి పెంటా 93 శాతం, డ్రాపవుట్ 22 శాతం పైన. సీలో మొదటి పెంటా 58 శాతమే కానీ డ్రాపవుట్ 5. డీలో రెండూ చెడ్డాయి, డ్రాపవుట్ 33.

బీ, సీ రెండూ వెనకబడిన ఏరియాలే, కానీ ఒకే మందు రెండింటికీ వేస్తే ఒకదానికి దండగ. బీలో మిగిలిన 112 మందిలో 84 మంది ఒకసారి మీ దగ్గరికి వచ్చినవాళ్ళే, వాళ్ళ పేర్లు మీ రిజిస్టర్లోనే ఉన్నాయి. వాళ్ళకి టీకా గురించి అవగాహన లేదు అనడం అన్యాయం, తీసుకొచ్చి వేయించారు కదా, మళ్ళీ ఎందుకు రాలేదు అనేది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న. సీలో మిగిలిన 45 మందిలో 42 మంది అసలు ఒక్క డోసు కూడా పడనివాళ్ళు, వీళ్ళనే జీరో డోస్ పిల్లలు అంటున్నారు. అక్కడ మీరు వాళ్ళ దగ్గరికి చేరనేలేదు.

ప్రపంచం మొత్తం లెక్క కూడా ఇలాగే చదవొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనాల ప్రకారం 2024లో డీటీపీ మొదటి డోసు 89 శాతం పిల్లలకి, మూడో డోసు 85 శాతానికి పడింది (పెంటాలో ఉండేది ఈ డీటీపీయే, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా). మూడు డోసులూ పూర్తికాని పిల్లలు దాదాపు 2 కోట్లు, అందులో 1 కోటి 43 లక్షల మందికి ఒక్క డోసు కూడా పడలేదు. అంటే ప్రపంచం లెక్కలో పెద్ద సమస్య సీ లాంటిది. కానీ మీ ఏరియా సమస్య కూడా అదే అని మీరు ముందే అనుకోవద్దు, మీ పట్టిక ఏం చెప్తే అదే.

బీ లాంటి చోట చూడాల్సినవి: చెప్పిన రోజుకి సెషన్ జరుగుతోందా, అనుకున్న సెషన్లలో ఎన్ని జరిగాయి, తల్లి వచ్చిన రోజు మందు ఉందా, ఎంతసేపు కూర్చోబెడుతున్నారు, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ కార్డు మీద రాసి నోటితో కూడా చెప్పారా, సూది వేశాక జ్వరం రావచ్చు అని ముందే చెప్పారా. ఈ ఆఖరుది చాలా పని చేస్తుంది, ముందే చెప్తే జ్వరం వచ్చినా తల్లి భయపడదు, చెప్పకపోతే టీకా వల్ల పిల్లకి జబ్బు చేసిందనుకుంటుంది, ఆ మాట వీధంతా పాకుతుంది.

నేను పనిచేసిన ఒక చోట పెంటా డ్రాపవుట్ బాగుండేది కానీ తట్టు టీకా దగ్గరికి వచ్చేసరికి పడిపోయేది. తల్లులు మర్చిపోతున్నారని అందరం అనుకున్నాం. ఒకరోజు సెషన్లో పొద్దున్నుంచి కూర్చుని చూస్తే తెలిసింది, తట్టు టీకా సీసాలో 10 డోసులు ఉంటాయి, ఒకసారి నీళ్ళు కలిపాక 6 గంటల్లో లేదా సెషన్ అయిపోయేలోపు, ఏది ముందైతే అప్పటికి, మిగిలింది పారెయ్యాలి, అందుకని ఇద్దరు ముగ్గురే పిల్లలు వస్తే మందు వేస్ట్ అవుతుందని సీసా తెరవకుండా వచ్చే నెల రమ్మని పంపించేస్తున్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు. ఆ సిస్టర్ తప్పు కాదు, వేస్టేజ్ ఎక్కువైందని అంతకుముందు చీవాట్లు తిన్న మనిషి ఆవిడ. ఒక్క పిల్ల వచ్చినా సీసా తెరవండి, వేస్టేజ్ లెక్క మేం చూసుకుంటాం అని రాతపూర్వకంగా ఇచ్చాం, చుట్టుపక్కల పిల్లల్ని అదే రోజుకి పిలవడం మొదలుపెట్టాం. డేటా మనకి ఏ తలుపు దగ్గర ఆగాలో చూపించింది, లోపల ఏముందో మాత్రం వెళ్ళి చూస్తేనే తెలిసింది.

సీ లాంటి చోట పని వేరు. అక్కడికి దారి ఉందా, సెషన్ ఎంత దూరంలో పెడుతున్నారు, పగలంతా పనికి పోయేవాళ్ళ ఊళ్ళో పొద్దున పదింటికి సెషన్ పెడితే ఎవరొస్తారు, వాళ్ళ భాష మన వాళ్ళకి వచ్చా, ఆ వీధి అసలు మన మ్యాప్లో ఉందా. రెండు ఆరోగ్య కేంద్రాల మధ్య హద్దులో ఉన్న ఇళ్ళు, వలస వచ్చి పనిచేసే చోట్ల వేసుకున్న గుడిసెలు, కొత్తగా లేచిన బస్తీలు తరచూ ఎవరి లిస్ట్లోనూ ఉండవు, నువ్వు చూస్తావనుకున్నా అంటే నువ్వు చూస్తావనుకున్నా అనుకుంటారు. పక్క కేంద్రం వాళ్ళతో కూర్చుని మ్యాప్ మీద గీత గీసుకుని, ఏ ఇల్లు ఎవరిదో తేల్చుకోండి.

డీలో ముందు మొదటి డోసు సంగతి చూడండి, కానీ డ్రాపవుట్ కూడా చెడింది కాబట్టి సెషన్లు చెప్పినట్టు జరిగేలా చూడకుండా కొత్తవాళ్ళని పిలవడం మంచిది కాదు, వచ్చి నిరాశపడి పోతే రెండోసారి నమ్మరు.

5. గోడ మీద చార్ట్

అడ్డంగా 12 నెలలు, నిలువుగా పిల్లల సంఖ్య, ఏడాది టార్గెట్ దాకా. కింద మూల నుంచి పై మూలకి ఒక ఏటవాలు గీత, అది చేరాల్సిన దారి. ప్రతి నెలా మొదటి పెంటాని అంతకుముందు నెలల మొత్తానికి కలిపి ఒక రంగులో చుక్క పెట్టండి, మూడో పెంటాని ఇంకో రంగులో, చుక్కలు కలపండి. రెండు గీతల మధ్య ఖాళీయే డ్రాపవుట్. ఖాళీ వెడల్పు అవుతుంటే లెక్క చెయ్యక్కర్లేదు, కళ్ళకే కనిపిస్తుంది. కంప్యూటర్లో ఎంత మంచి గ్రాఫ్ ఉన్నా ఇది చేత్తో వెయ్యమనే చెప్తాను, చుక్క పెట్టే మనిషికి ఆ నెల సంగతి అర్థమవుతుంది.

6. శాతం నుంచి పేర్లకి

నిర్ణయం అనేది చివరికి ఒక పేరు దగ్గరికి రావాలి. 12 అడ్డు అరలు ఉన్న ఒక డబ్బా పెట్టుకోండి, నెలకొకటి. టీకా వేసిన ప్రతి పిల్ల కార్డు కాపీని మళ్ళీ రావాల్సిన నెల అరలో పెట్టండి. నెలాఖరుకి ఆ అరలో మిగిలిన కార్డులే రానివాళ్ళ లిస్ట్, ఇంకేం వెతకక్కర్లేదు. అది వీధుల వారీగా విడదీసి ఆ వీధికి వెళ్ళే కార్యకర్తకి ఇవ్వండి, తిరిగి వచ్చేటప్పుడు ప్రతి పేరు పక్కనా ఏం జరిగిందో రాసుకు రమ్మనండి: ఊరు మారారు, వేరేచోట వేయించారు, పిల్లకి ఒంట్లో బాలేదు, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారు, వచ్చాం కానీ మందు లేదన్నారు. ఇరవై ముప్పై పేర్లకి ఇలా కారణాలు వస్తే ఏది మార్చాలో దాదాపు తేలిపోతుంది.

అయితే జీరో డోస్ పిల్లలు ఈ డబ్బాలో ఉండరు, మర్చిపోకండి. రిజిస్టర్లో ఉన్నవాళ్ళనే వెతికే పద్ధతి ఎంత బాగా చేసినా వాళ్ళ దాకా పోదు. వాళ్ళ కోసం పుట్టిన పిల్లల లిస్ట్లు తెచ్చుకోండి, కాన్పులు చేసేవాళ్ళని, గర్భిణీల రిజిస్టర్ని, స్థానిక పెద్దలని అడగండి, వాటిని మీ టీకాల రిజిస్టర్తో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేరు కనపడితే ఆ ఇంటికి వెళ్ళాలి.

7. తట్టుకి విడిగా ఒక లెక్క వెయ్యండి

తట్టు చాలా తొందరగా అంటుకునే జబ్బు, రోగనిరోధకత లేని జనంలో ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుందని చెప్తారు, అందుకే రెండు డోసుల కవరేజ్ 95 శాతం ఉండాలంటారు. ఇక్కడ ఈ ఏడాది శాతం మాత్రమే చూస్తే సరిపోదు, పోయిన ఏళ్ళలో మిగిలిపోయినవాళ్ళు ఎక్కడికీ పోలేదు, పెరుగుతూ అక్కడే ఉన్నారు.

ఇలా లెక్కేయండి. ఏడాదికి 1000 మంది పిల్లలు, మొదటి డోసు కవరేజ్ 90 శాతం అనుకుందాం. 9 నెలలకి వేసిన డోసు సుమారు 85 శాతం మందిలోనే పనిచేస్తుంది, అంటే నిజంగా రక్షణ వచ్చింది 765 మందికి, మిగిలింది 235. రెండో డోసు లేకపోతే నాలుగేళ్ళలో 940 మంది, అంటే దాదాపు ఒక ఏడాదిలో పుట్టే పిల్లలంత మంది. ఐదేళ్ళలోపు రక్షణ లేని పిల్లల సంఖ్య ఒక ఏడాది జననాల దాకా వచ్చిందంటే పెద్దగా తట్టు వచ్చే ప్రమాదం దగ్గరపడిందని లెక్క. ప్రతి ఏడాదీ 90 శాతం వచ్చింది అని మీటింగుల్లో సంతోషపడిన చోటే ఇది జరుగుతుంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కాబట్టి ఐదేళ్ళ అంకెలు ఒక కాగితం మీద వేసుకుని, రెండో డోసు ఎంతమందికి పడిందో తీసేసి, మిగిలిన మొత్తాన్ని పై వాళ్ళకి చూపించి క్యాచప్ టీకాలు (మిగిలిపోయినవాళ్ళకి ఆలస్యంగానైనా వేసేవి) ఎప్పుడు పెట్టాలో అడగండి.

8. సెషన్లు, మందు

ఏ ఊరికి ఎన్ని సెషన్లు అనేది అలవాటు ప్రకారం కాకుండా పిల్లల సంఖ్యని బట్టి తిరగరాయండి. బీలో రోజుకి ఎనభై మంది వచ్చి ఒక్క సిస్టర్ వేస్తుంటే ఆ క్యూ చూసే సగంమంది వెనక్కి పోతారు, అక్కడ ఇంకో రోజు కలపాలి. నెలకి ఇద్దరు ముగ్గురే వచ్చే చోట రెండు మూడు గుంపులకి మధ్యలో ఒక చోటు చూడొచ్చు, కానీ తల్లులు నడవగలిగే దూరమైతేనే.

మందు ఇండెంట్ (ఎన్ని డోసులు కావాలో రాసి పైకి పంపే కాగితం) కూడా పట్టిక నుంచే రావాలి. పై ఉదాహరణలో 582 మందికి తట్టు రెండు డోసులు అంటే 1164. వేస్టేజ్ 40 శాతం ఉంటుందనుకుంటే 1164ని 0.6తో భాగించాలి, 1940 డోసులు, 10 డోసుల సీసాలైతే 194. చిన్న ఊళ్ళలో సీసా తెరవమని మీరే చెప్పి వేస్టేజ్ తక్కువ చూపించి ఇండెంట్ పెడితే నెల మధ్యలో మందు ఉండదు.

9. అప్పుడప్పుడూ ఇళ్ళకి వెళ్ళి చూడండి

రిపోర్ట్లో 95 ఉన్నా, ప్రమాదం ఉందనిపించిన వీధిలో ఓ ఇరవై ఇళ్ళకి వెళ్ళి ఏడాది దాటిన పిల్లల కార్డులు చూడండి. అందులో ఐదారుగురికి టీకాలు సరిగ్గా లేవంటే ఆ 95ని నమ్మొద్దు. అయితే దాంతో శాతం కట్టకండి, మీకు నచ్చిన ఇళ్ళకి వెళ్ళి చేసింది అది, సర్వే కాదు. 30 చోట్ల ఏడుగురేసి, మొత్తం 210 మందితో చేసే పాత క్లస్టర్ సర్వే కూడా మొత్తం ఏరియాకి 10 పాయింట్లు అటూ ఇటూగా చెప్పడానికి పెట్టింది, ఏ ఒక్క ఊరి సంగతీ అది చెప్పదు. కార్డు లేకపోతే తల్లి చెప్పింది రాసుకోండి కానీ కార్డు చూసినదాన్ని, విన్నదాన్ని వేర్వేరు కాలమ్లలో పెట్టండి.

10. నెల మీటింగ్

గంట చాలు. పట్టిక, చార్ట్ మధ్యలో పెట్టుకుని ముందుగా ఎక్కువ పిల్లలు మిగిలిన రెండు ఏరియాలే తీసుకోండి, అన్నీ మాట్లాడితే ఏదీ తేలదు. ఆ ఏరియాకి వెళ్ళే కార్యకర్తే ముందు మాట్లాడాలి, ఎందుకంటే ఆవిడకి తెలిసింది మనకెవరికీ తెలీదు. తక్కువ అంకె తెచ్చినవాళ్ళని అందరిముందు నిలదీస్తే వచ్చే నెల మంచి అంకె తప్పకుండా వస్తుంది, కాగితం మీద. ఆ తర్వాత మీ పట్టికలో ఏ లైన్నీ నమ్మలేరు.

నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి: బీలో శనివారం సాయంత్రం ఇంకో సెషన్, ఎవరు చేస్తారు, ఏ తేదీ నుంచి, ఏ అంకె మారాలి. ఇక్కడ మారాల్సింది డ్రాపవుట్, 22 నుంచి కిందికి. మూడు డోసుల మధ్య చాలా దేశాల్లో నాలుగేసి వారాల ఎడం ఉంటుంది కాబట్టి ఈరోజు చేసిన మార్పు మూడో పెంటాలో కనపడటానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా సెషన్ జరిగిందా, డబ్బా అరలో మిగిలిన కార్డులు తగ్గుతున్నాయా అనేవి చూస్తూ ఉండండి. మూడు నెలలయ్యాక కూడా గీతల మధ్య ఖాళీ అలాగే ఉంటే ఆ లిస్ట్ పట్టుకుని మళ్ళీ పది ఇళ్ళకి వెళ్ళండి, ఈసారి మీరే వెళ్ళండి, కార్యకర్తని తోడు తీసుకుని, శనివారం సాయంత్రం వాళ్ళకి కుదురుతోందో లేదో అడగండి.

మొదటి నెలలో ఇవన్నీ కుదరకపోతే మూడో స్టెప్లో పట్టిక ఒక్కటే వెయ్యండి. ఉన్న రిజిస్టర్లతోనే ఒక పూటలో అయిపోతుంది.